ముందు నడిచిన వాసన

ఆ సందులో అతన్ని అందరూ చుట్టలాయన అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పొగాకు వ్యాపారమనుకుని, రెండు మంచి చుట్టలిమ్మని గుమ్మంలోకి వచ్చిన సందర్భాలూ లేకపోలేదు. అతను చుట్టేది రాగితీగ. కాలిపోయిన ఫ్యాన్లకూ నీళ్ళ మోటార్లకూ పాత తీగ ఊడదీసి కొత్తది చుట్టడం అతని పని. మెయిన్ రోడ్డు మీది మోటార్ల షాపులో పెళ్ళికి ముందునుంచీ అదే పని చేశాడు. చుట్టలాయన చెయ్యి పడ్డ మోటారు మళ్ళీ షాపు మెట్లెక్కదని మేస్త్రి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

నీటి కాసుల జబ్బు అతని చూపును ఒక్కసారిగా ఎత్తుకుపోలేదు. అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చింది. మొదట పక్కన నిలబడ్డ మనిషి కనబడటం మానేశాడు. తరవాత ఎదుటి మనిషి మొహం ఒక్కటే, గొట్టంలోంచి చూసినట్టు మిగిలింది. ఆఖరికి అదీ పోయింది. మిగిలిన ఆ కాస్త గుండ్రంలో అతను చూసుకున్నది భార్య మొహాన్నే.

చూపు పోయాక అతనికి మిగిలినవి వేళ్ళూ, కోపమూ. వేళ్ళు పని మర్చిపోలేదు. తీగ మందం, వార్నిష్ ఆరిందీ లేనిదీ, ఎక్కడ ఒక పోగు కిందామీదా అయిందీ అన్నీ వాటికే తెలిసేవి. కోపం మాత్రం అతన్ని గేటు దాటనివ్వలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే తెలిసినవాళ్ళు చూసి అయ్యో అనుకుంటారన్న ఊహకే ఒళ్ళు మండేది. ఎవరో తెచ్చిచ్చిన కర్రను మోకాలికి ఆనించి రెండు ముక్కలు చేశాడు. చేసేదిలేక షాపే ఇంటికొచ్చింది. పెరటి చివర రేకుల షెడ్డులో బల్ల వేయించుకున్నాడు. కాలిన మోటార్లను భార్య సంచిలో వేసుకుని మోసుకొచ్చేది. చుట్టినవాటిని మళ్ళీ మోసుకెళ్ళి ఇచ్చొచ్చేది.

వంటింటి గుమ్మానికీ షెడ్డుకీ మధ్య పెరడు. షెడ్డు వేసిన కొత్తల్లోనే అతను బట్టలుతికే బండ మీద బోర్లాపడి మోచెయ్యి చీరుకున్నాడు. ఆమె చెయ్యి అందించబోతే విదిలించేశాడు. మర్నాడు ఆమె నర్సరీకి వెళ్ళి గుప్పెడు విత్తనాలతో తిరిగొచ్చింది.

"మన తంగేడుకు దూరపు చుట్టమట," అంది వాటిని అతని అరచేతిలో పోస్తూ. "పుట్టిల్లు ఆఫ్రికా అట. నర్సరీ ఆయన చెప్పాడు, పెంకు రాయిలా ఉంటుంది, వేడినీళ్ళు పోస్తే గానీ లొంగదని. అచ్చం మీలాగే."

వేడినీళ్ళు పోసి నానబెట్టింది. ఉబ్బినవాటిని ఏరి, వంటింటి మెట్టు నుంచి షెడ్డు దాకా దారికి ఒక పక్కన పాతింది. మొక్కలు ఒక్క వర్షాకాలంలో నడుము దాకా లేచాయి, మరుసటి ఏడు మనిషిని మించాయి. పూత రాగానే ఆమె అతని వేళ్ళను కంకి మీద కింద నుంచి పైకి నడిపిస్తూ, కింద విచ్చిన పూలు పసుపనీ, పైన విచ్చని మొగ్గలు నల్లగా, కాలిన వత్తిలా ఉన్నాయనీ చెప్పింది. అందుకే సందులో దాన్ని కొవ్వొత్తుల చెట్టు అన్నారు. అతను మాత్రం పల్లీల చెట్టనేవాడు. ఆకును కాస్త రాస్తే చాలు, వేయించిన వేరుసెనగ పప్పు మీద వెన్న కరిగినట్టు వాసన గుప్పుమనేది.

ఆ వాసన కోసమే ఆమె దాన్ని తెచ్చింది. చెయ్యి పట్టుకోదు, పక్కన నడవదు. నాలుగడుగులు ముందు నడుస్తుంది, నడుస్తూ చేత్తో ఆకుల్ని రాసుకుంటూ పోతుంది. అతను ఆ వాసన పట్టుకుని వెనక వెళతాడు. కొన్నాళ్ళకు ఆమె లేకపోయినా తన చేత్తోనే రాసుకుంటూ వెళ్ళగలిగాడు. అయినా పొద్దున షెడ్డుకు వెళ్ళేటప్పుడు ఆమే ముందుండేది. అది వాళ్ళిద్దరి మధ్యా ఒక అలవాటు. దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ మొక్కతో ఇంటికి వేరే ఉపయోగమూ దొరికింది. పూత అయిపోగానే కొమ్మల్ని కత్తిరించి, ఆకును కూరపాదుల్లో తొక్కేది. లేతాకు నూరి వెనక సందు మొదట్లో ఉండే ఇస్త్రీ బండాయన మెడ మీది తామరకు పట్టించేది. నోట్లోకి మాత్రం పోనివ్వకూడదని, కడుపులో పేగుల్ని మెలిపెడుతుందని అందరికీ హెచ్చరిక చేసేది.

ఆమె గాజులు చప్పుడెక్కువ చేస్తున్నాయని ఆఖరి ఏడు అతను గమనించాడు. ముంజేతి మీద బిగుతుగా ఉండే గాజులు మోచెయ్యి దాకా జారి, మళ్ళీ మణికట్టు మీద పడి గలగలమనేవి. ఏమిటీ, కొత్తవి కొన్నావా అని వేళాకోళమాడాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ చలికాలంలో మంచమెక్కిన మనిషి మళ్ళీ లేవలేదు. ఊపిరితిత్తుల్లో ఏదో అన్నారు. అతనికి అంతా ఒక్క వారంలో ముంచుకొచ్చినట్టే అనిపించింది.

అక్క పోయాక ఆమె చెల్లెలు చిట్టి వచ్చింది, కుట్టుమిషన్ వెంటబెట్టుకుని. ఆమె భర్త లారీ మీద వెళితే వారాల తరబడి ఇంటికి రాడు, కనక బావకు రెండు పూటలా ఇంత వండిపెట్టి, తన కుట్టుపని తాను చేసుకుంటానంది. అక్క నోరు మెదపని మనిషైతే చెల్లెలు మిషన్ ఆగినా నోరు ఆగని మనిషి. పల్లీల వాసనేమిటి బావా, తడిసిన కుక్క వాసన కదా ఇది అని మొదటి రోజే తేల్చేసింది.

షాపు నుంచి మోటార్లు తెచ్చేవాళ్ళు లేక పని ఆగిపోయింది. అయినా అతను రోజూ షెడ్డుకు వెళ్ళి కూర్చునేవాడు. ఒక పాత ఫ్యానును చుట్టడం, ఊడదీయడం, మళ్ళీ చుట్టడం. ఒక పొద్దున వంటింటి మెట్టు దిగి, చెయ్యి ఇంకా ఆకుల మీద వెయ్యకముందే వాసన వచ్చింది. కాస్త ముందు నుంచి, తాజాగా. గాలేమో అనుకున్నాడు. గాలి లేదు. ఒక అడుగు వేశాడు, వాసన ఒక అడుగు ముందుకు జరిగింది. ఆగాడు. అదీ ఆగింది, అతనికంటే కొంచెం ఆలస్యంగా, వెనక అడుగుల చప్పుడు లేదని గమనించి మనిషి ఆగినట్టు.

చిట్టి తనను ఆటపట్టిస్తోందనుకున్నాడు. మూడో నాడో నాలుగో నాడో, ఇక ఓపిక పట్టలేక గట్టిగా కసిరాడు, నా ముందు నడవొద్దని. చిట్టి గొంతు వీధి గది నుంచి వచ్చింది, తాను పొద్దున్నించీ మిషన్ ముందు నుంచి లేవనేలేదని. మర్నాడు ఆమెను మిషన్ ఆపకుండా తొక్కుతూ ఉండమని చెప్పి మెట్టు దిగాడు. వెనక ఇంట్లో మిషన్ టకటకా నడుస్తూనే ఉంది. ముందు వాసన నడుస్తూనే ఉంది. షెడ్డు తలుపు దాకా వెళ్ళి, అతను తలుపు పట్టుకున్నాక, వెళ్ళిపోయింది.

అతను లోపలికి దూరి తలుపు గడియ పెట్టుకున్నాడు. భార్యే అయితే భయమెందుకని తనను తానే కోప్పడ్డాడు. పాతికేళ్ళు కలిసి కాపురం చేసిన మనిషి. కానీ కళ్ళున్నవాడు తలతిప్పి, ఎవరూ లేరని చూసుకుని గుండె దిటవు చేసుకుంటాడు. అతనికి ఆ అవకాశమూ లేదు. ఎవరూ లేరని తేల్చుకోలేడు, ఎవరో ఉన్నారనీ తేల్చుకోలేడు. పేరు పెట్టి పిలుద్దామని ఒకసారి నోరు తెరిచాడు. జవాబొస్తే ఏం చెయ్యాలో తెలియక మూసుకున్నాడు.

కొన్నాళ్ళకు చిట్టికీ తెలిసింది. తలుపులన్నీ వేసి బట్ట కత్తిరిస్తుంటే, వంటగది నుంచి పెరటి గుమ్మం వైపు ఆ వాసన తన పక్కగా దాటిపోయిందట. కత్తెర అక్కడే పడేసి వీధిలోకి పరిగెత్తింది. ఆ రోజు ఆమె తడిసిన కుక్క అన్న మాట ఎత్తలేదు.

ఇంతలో పక్కింటి పసివాడు గోడ మీంచి వాలిన కొమ్మ నుంచి కాయ తెంపి నమిలాడు. వాంతులు చేసుకుని వేలాడిపోయాడు. సాయంత్రానికి తేరుకున్నాడు గానీ వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, చచ్చినామె పెట్టిన చెట్లు బతికున్నవాళ్ళ ప్రాణం తీస్తాయా అని అడిగింది. చుట్టలాయన లోపలి నుంచే, రేపే కొట్టించేస్తానని చెప్పాడు. పసివాడి మీద జాలితోనే అన్నాడు. కానీ కొట్టించేస్తే పెరట్లో నడక ఆగిపోతుందన్న ఆశ కూడా ఆ మాటలో ఉందని అతనికి తెలుసు. ఆ రాత్రంతా అదే అతన్ని కుదిపింది.

కత్తితో వచ్చినవాడు మోకాలెత్తున మోళ్ళు వదిలి మిగతాదంతా నరికి, బండిలో వేసుకుని పోయాడు. ఈ జాతిని నరికితే ఇంకా రెచ్చిపోయి చిగురిస్తుంది, వేరుతో పెకలించమంటే చెప్పండి అన్నాడు. వద్దన్నాడు అతను. పెరడు ఒక్కసారిగా వెడల్పైపోయినట్టు, ఎటూ హద్దు లేనట్టు అనిపించింది. ఆ పూట షెడ్డుకు వెళ్ళబోయి గోడకు కొట్టుకున్నాడు. తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడొచ్చింది. ఆకు లేదు, కొమ్మ లేదు, రాసుకోవడానికి ఒక్క రెమ్మ లేదు. వాసన వంటింట్లోంచి బయలుదేరి, అతని భుజం పక్కగా మెట్టు దిగి, పెరట్లోకి వెళ్ళింది. కొంచెం దూరంలో ఆగింది. అతను లేవలేదు. రెండు చేతుల్తో మెట్టు అంచు పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు అది అక్కడే ఉంది. తరవాత లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ. అయితే అది ఆగే చోటు మారింది. షెడ్డు వైపు కాదు, పెరటి గోడ వెంబడి పక్కకు తిరిగి, వెనక గేటు దగ్గర ఆగుతోంది. ఆ గేటు ఆమె మోటార్లు మోసుకుని వెళ్ళివచ్చిన గేటు. చూపు పోయాక అతను దాని గడియ ముట్టుకోలేదు.

చిట్టి బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, అతను లేచాడు. ఎందుకు లేచాడో తరవాత అతనికీ సరిగ్గా తెలియలేదు. భయపడి భయపడి విసుగొచ్చిందేమో. గోడ తడుముకుంటూ గేటు దాకా వెళ్ళి గడియ తీశాడు. వాసన బయటికి నడిచింది. అతను వెంట నడిచాడు.

వెనక సందు ఒక గోడౌన్ పొడవాటి గోడ వెంబడి పోతుంది. చెయ్యి చాపాడు, గోడ కోసం. గోడకు ముందే ఆకులు తగిలాయి. జతలు జతలుగా, మెత్తగా, చల్లగా. వెళ్ళనిచ్చాడు చేతిని. ఇంకో మొక్క. ఇంకోటి. గుప్పుమని లేచిన వాసన ముందున్న వాసనలో కలిసిపోయింది, ఏది ఎవరిదో తెలియకుండా.

"వచ్చావా అన్నా," అంది ఒక గొంతు. ఇస్త్రీ బండాయన. బొగ్గుల వేడి మొహానికి తగిలేంత దగ్గరలో ఉన్నాడు. "ఇక రావనుకున్నా."

ఈ మొక్కలు ఎవరివని అడిగాడు చుట్టలాయన. అడుగుతూనే చేతికందిన కొమ్మను గట్టిగా పట్టుకున్నాడు.

ఇస్త్రీ బండాయన పెట్టెను పక్కన పెట్టాడు. పోయిన వానాకాలం ముందు ఆమె ఇక్కడ గోడ పొడుగునా, మెయిన్ రోడ్డు మలుపు దాకా విత్తనాలు పాతిందని చెప్పాడు. మధ్యమధ్య దగ్గు తెర వస్తే గోడకు ఆనుకుని నిలబడేదని, మళ్ళీ వంగేదని. తన మెడ మీది తామర పోగొట్టిన చేతులవి, కనక నీళ్ళు పోసే పని తానే చూసుకుంటానన్నాడట. మలుపు తిరిగితే మోటార్ల షాపు. అతన్ని షాపుకు చేర్చడానికి ఆమె వెయ్యవలసిన దారి అంతే.

"మరి ఒక్కరూ నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దంది. చెప్తే బిగుసుకుపోతాడు, తనంతట తను రావాలి అంది. ఆ తరవాత ఆమె పోయింది. నీ గుమ్మంలోకొచ్చి ఏమని చెప్పను అన్నా, నోరు రాలేదు."

"దగ్గు అప్పటికే ఉందా?"

ఇస్త్రీ బండాయన బొగ్గులు కదిపాడు. "డాక్టరు సంగతి చెప్పిన రోజే విత్తనాలు నానబోసిందట. నాతో అంది."

చుట్టలాయన చేతిలో ఉన్న కొమ్మ ఫెళ్ళున విరిగింది. దాన్ని అక్కడే పడేసి, గోడ తడుముకుంటూ, ఎవరి సాయమూ లేకుండా ఇంటికి తిరిగొచ్చాడు. షాపు వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

చిట్టి వచ్చేసరికి వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాడు. నీకు తెలుసా అని మాత్రం అడిగాడు. ఏది అని ఆమె అడగలేదు.

"తెలుసు బావా."

"సందులో వాళ్ళందరికీ తెలుసు. ఎదురుగా ఉన్న నాకొక్కడికే కనబడలేదు. గాజులు జారుతుంటే నేను వేళాకోళమాడాను చిట్టీ."

చిట్టి అతని ఎదురుగా చతికిలబడింది. "నాతోనూ వాదించింది అక్క. చెప్పు అని నేను చెప్పా. చెప్తే ఏం చేస్తాడే, మంచం పక్కన కూర్చుని ఏడుస్తాడు, పని కూడా మానేస్తాడు అంది. ఉన్న ఓపిక నీ ఏడుపుకు ఖర్చుపెట్టడం దానికిష్టం లేదు. నీ నడకకు పెట్టింది. అది చేసింది తప్పో ఒప్పో నాకూ తెలీదు," అని చెంగుతో ముక్కు తుడుచుకుంది.

అతను చాలా రోజులు భార్య మీద కోపంగానే ఉన్నాడు. చచ్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడమంత నరకం లేదు, తిట్టినా పడరు, అలిగినా బతిమాలరు. ఆ రోజుల్లో వాసన రాలేదు. పొద్దున మెట్టు మీద కూర్చుని ఎదురుచూసేవాడు. మోళ్ళ మీద చిగుళ్ళు లేచాయి, ముట్టుకుంటే లేత వాసన వేళ్ళకు అంటుకునేది, అంతే. అది తన వేళ్ళు లేపిన వాసన. ముందు ఎవరూ లేరు. వస్తుందని ఒకప్పుడు భయపడిన మనిషికి, రాదేమోనన్న భయం దానికంటే పెద్దదని తెలిసింది.

ఒక పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిట్టికి చెప్పి బయలుదేరాడు. తోడు రమ్మంటావా అని ఆమె అడగబోయి మానేసింది. గేటు దాటి, గోడ వెంబడి, తన చేత్తోనే ఆకులు రాసుకుంటూ నడిచాడు. రెండు చోట్ల మొక్క బతకలేదు. అక్కడ ఖాళీలో చెయ్యి గాలిలో ఆడి అడుగు ఆగింది. ఖాళీ దాటాక మళ్ళీ ఆకు. మలుపు దగ్గర ఆఖరి మొక్క. దాని పక్కన రాగి, వార్నిష్, కాలిన దూది, షాపు వాసన.

మేస్త్రి చేతిలోని పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది. తరవాత, కిటికీ కింద నీ బల్ల అలాగే ఉంచానయ్యా అన్నాడు. ఆమె ఏడాది కిందటే వచ్చి మాట తీసుకుందట, ఆయన వస్తారు, బల్ల ఎవరికీ ఇవ్వకండి అని. రోడ్డు మీద బళ్ళ రద్దీ చూసి మేస్త్రి కంగారుపడి, ఎవరు తీసుకొచ్చారు, వెనక ఎవరూ కనబడరేమని అడిగాడు.

"మా ఆవిడ," అన్నాడు చుట్టలాయన, బల్ల అంచు తడుముకుంటూ. "మలుపు దాకా దింపి వెళ్ళింది."

మేస్త్రి కాలిన నీళ్ళ మోటారొకటి తెచ్చి అతని ముందు పెట్టాడు.

ఆ సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, గోడ సగంలో, వాసన వెనక నుంచి వచ్చింది. ముందు నుంచి కాదు. అతని చెయ్యి అప్పటికే దాటొచ్చిన మొక్కల్ని ఎవరో మళ్ళీ రాసుకుంటూ వస్తున్నట్టు, మెల్లగా, మధ్యలో ఆగుతూ. అతను వెనక్కి తిరగలేదు. అడుగు కొంచెం తగ్గించాడు.

ఎండాకాలంలో చిట్టి మిషన్ కట్టుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఏడు కాలవ తవ్వడానికి వచ్చినవాళ్ళు సందులోని మొక్కలన్నీ పిచ్చిచెట్లని పెకలించి పారేశారు. అప్పటికి చుట్టలాయన పాదాలకు దారి వచ్చేసింది, కర్ర కూడా పట్టుకుంటున్నాడు. రోజూ షాపుకు వెళ్ళివస్తాడు. గోడౌన్ గోడ దగ్గరికొచ్చేసరికి మాత్రం నడక నెమ్మది చేస్తాడు. పాపం కళ్ళు లేవు, దారి తడుముకుంటున్నాడు అనుకుంటారు చూసినవాళ్ళు. ఇస్త్రీ బండాయన ఒక్కడే, ఆ సమయంలో పెట్టె పక్కన పెట్టి, వాళ్ళిద్దరూ దాటేదాకా మాట్లాడకుండా నిలబడతాడు.